ఏనుగులు నాకు, ద్రాక్షతోటలు ఆయనకు... ఆషాఢంలో ఈ ప్రయాణం పెట్టుకోవచ్చా?

అనంతపురం నుంచి ఒక అక్క నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. గుర్తుపట్టే వివరాలు తీసేసి మిగతాది క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆమెకు 51 ఏళ్ళు. టౌన్లో కుట్టు అంగడి, అందులో ఆమెతో పాటు ముగ్గురు ఆడవాళ్ళు పని చేస్తారు. భర్తకు 57. ఊరికి దగ్గర్లో అయిదెకరాల ద్రాక్షతోట ఉంది. వచ్చే ఏడాదికి పెళ్ళయి ముప్పై ఏళ్ళు. బెంగళూరులో ఉద్యోగం చేసే కూతురు, "మీరిద్దరూ ఎక్కడికైనా పోయి రండి, సగం ఖర్చు నాది" అంది. ఏనుగుల మందనూ సింహాన్నీ అడవిలో చూడాలని ఈ అక్కకు చిన్నప్పటి నుంచి కోరిక. నీళ్ళు తాగుతున్న ఆఫ్రికా ఏనుగుల కేలెండర్ బొమ్మ ఒకటి ఆమె కుట్టు మిషను ఎదురుగా గోడ మీద పదిహేనేళ్ళుగా ఉందట. ఆయనకేమో కేప్ టౌన్ దగ్గరి ద్రాక్షతోటలు చూడాలని. రాత్రిళ్ళు ఫోన్లో ఆ వీడియోలే చూస్తుంటారు. రెండూ ఒకే దేశంలో ఉన్నాయి కదా అని కూతురు దక్షిణాఫ్రికా ప్లాన్ వేసింది. మొదట క్రూగర్ అడవిలో సఫారీ, తర్వాత కేప్ టౌన్ దగ్గరి స్టెల్లెన్‌బోష్ వైపు వైన్ టేస్టింగ్. అంగడిలో పని తగ్గేది ఆషాఢంలోనే కాబట్టి జూలై అనుకున్నారు. అప్పుడు అక్కడ చలికాలం, ఆఫ్ సీజన్, రేట్లు తక్కువ.

ముడి పడింది 'వైన్' అన్న మాట దగ్గర. అక్క తండ్రి సారాకు అలవాటు పడి, భార్య మెడలో గొలుసు దాకా తాకట్టు పెట్టి, ఈమె తొమ్మిదో తరగతిలో ఉండగా పోయారు. సాయంత్రాలు సారా అంగడి ముందు నిలబడి "నాయనా, ఇంటికి రా" అని పిలిచింది ఈమే. ఇప్పుడు భర్త, "రుచి చూడ్డం వేరు, తాగడం వేరు" అంటారు. వైన్ భాగం తీసేద్దామంటే, "అయితే నువ్వూ పాపా పోయి రాండి" అని మాట్లాడ్డం మానేశారు. ఆయనకు ఎనిమిదేళ్ళుగా షుగర్. ఇంట్లో ఎనభై ఏళ్ళ అత్త ఉన్నారు. ఆడబిడ్డ, "ఈ వయసులో వైన్ యాత్రలేంది వదినా" అని నలుగురిలో అనేసింది. ఉత్తరం చివరి పేజీలో ఒక వాక్యం ఉంది: "ఆ సారా అంగడి సంగతి మా ఆయనకు ఇన్నేళ్ళలో పూర్తిగా ఎప్పుడూ చెప్పలేదు."

ఆమె ప్రశ్నలు ఇవి. చలికాలంలో పోతే జంతువులు కనిపిస్తాయా, లేక తక్కువ రేటుకు ఆశపడి మోసపోతామా? వైన్ భాగం తీసేయమని పట్టుబట్టడం నా తప్పా? అత్తకు, ఊళ్ళో వాళ్ళకు ఏం చెప్పాలి?

సమాధానం

అక్కా, ముందు జంతువుల సంగతి చెప్తాను. దానికి జవాబు సూటిగా ఉంది.

దక్షిణాఫ్రికా భూమధ్యరేఖకు కింది వైపు ఉండే దేశం. మనకు వానలు పడే రోజుల్లో వాళ్ళకు చలికాలం. జూన్, జూలై, ఆగస్టు అక్కడ చలి నెలలు. కానీ ఆ దేశంలో మీరు పోవాలనుకుంటున్న రెండు చోట్లకూ వాన ఒకే కాలంలో రాదు. క్రూగర్ ఉన్న ఈశాన్యం వైపు వానలు వాళ్ళ ఎండాకాలంలో, అంటే నవంబరు నుంచి మార్చి దాకా పడతాయి. చలికాలమంతా పొడి. కేప్ టౌన్ ఉన్న నైరుతి మూలకు చలికాలంలోనే వానలు. కాబట్టి మీ కూతురు చెప్పిన 'ఆఫ్ సీజన్' ద్రాక్షతోటల వరకే నిజం. జంతువులు చూడ్డానికి జూలై, ఆగస్టు, సెప్టెంబరు మంచి రోజులు.

ఎందుకో నాకు నల్లమలలో అర్థమైంది. ఆత్మకూరు దగ్గర బైర్లూటి అడవిలోకి నేను రెండు సార్లు జీపులో పోయాను. మొదటిసారి వానలు తగ్గిన వెంటనే. రెండు గంటలు తిరిగితే ఆకుల మధ్య ఒక దుప్పి చెవి కదలడం కనిపించింది, అంతే. రెండోసారి ఫిబ్రవరి ఆఖర్లో. గడ్డి ఎండి పడిపోయింది, టేకు ఆకు రాలింది, చూపు వంద గజాలు పోతోంది. అదే దారిలో దుప్పులు, కణుతులు, అడవి పందులు, నీటి గుంట దగ్గర నెమళ్ళు. అడవి అదే, అడ్డం తొలగిందంతే. క్రూగర్‌లో జూలై అంటే అలాంటి కాలం. వాగులు ఎండి, నీళ్ళున్న మడుగులు కొన్నే మిగులుతాయి. ఏనుగులు, అడవి దున్నలు, జీబ్రాలు అక్కడికే రావాలి, వాటి వెనక సింహాలూ రావాలి. మీ కేలెండర్ బొమ్మ కూడా అలాంటి కాలంలో తీసిందే అయ్యుంటుంది.

ఆ అడవి ఎంత పెద్దదంటే, విడిపోక ముందు మన అనంతపురం జిల్లా ఎంతో దాదాపు అంత, పంతొమ్మిది వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. అందుకని ఒక్క పూట సఫారీతో అంతా చూసేస్తామనుకోవద్దు. ఏ ఏజెంటుతో మాట్లాడినా మొదట అడగాల్సింది ఇదే: క్రూగర్ లోపల ఎన్ని రాత్రులు, ఎన్ని సార్లు జీపులో తీసుకెళ్తారు? చాలా గ్రూప్ ప్యాకేజీల్లో ఒక్క రాత్రి, ఒక్క డ్రైవ్ ఉంటుంది. ఇంకొన్నింట్లో 'సఫారీ' అని రాసి, కేప్ టౌన్‌కు రెండు గంటల దూరంలో కంచె వేసిన చిన్న వనానికి తీసుకెళ్ళి తెస్తారు. అక్కడా సింహం కనిపిస్తుంది, కాదనను. కానీ పదిహేనేళ్ళు ఆ బొమ్మ చూస్తూ జాకెట్లు కుట్టిన మనిషికి అది సరిపోదు. నా లెక్కన అడవిలో నాలుగు రాత్రులు కావాలి. క్రూగర్ లోపలే స్కుకుజా, లోయర్ సబీ, సతారా లాంటి ప్రభుత్వ విడిది క్యాంపులున్నాయి. గదులు సాదాగా ఉంటాయి, చాలావాటిలో వంట చేసుకునే వీలుంటుంది. ఖరీదైన ప్రైవేటు లాడ్జీలే దిక్కని ఏజెంటు చెప్తే నమ్మొద్దు.

చలి మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. జూలైలో అక్కడ మధ్యాహ్నం మన డిసెంబరు మధ్యాహ్నంలా హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున పది డిగ్రీల లోపుకు పడిపోతుంది, అదీ పైకప్పు తప్ప పక్కలు లేని జీపులో గాలికి ఎదురుగా కూర్చోవాలి. ఆయనకు మంకీ క్యాప్, మీకు స్వెట్టర్, శాలువా, ఇద్దరికీ ఉన్ని సాక్సులు. అయిదున్నరకల్లా చీకటి పడుతుంది, క్యాంపు గేట్లు ఆ వేళకే మూసేస్తారు. క్రూగర్ మలేరియా ఉండే ప్రాంతం. చలికాలంలో దోమలు తగ్గి ఆ భయం బాగా తగ్గుతుంది, పూర్తిగా పోదు. మాత్రలు అవసరమా కాదా అన్నది ఆయన షుగర్ మాత్రలు కూడా చూపించి డాక్టర్‌నే అడగండి.

ఇక ద్రాక్షతోటలు. ఇక్కడ నేను ఆయన వైపు నుంచి కొంచెం మాట్లాడాలి, ఓపిక పట్టండి.

జూలైలో కేప్ తోటల్లో ఆకు ఉండదు, కాయ ఉండదు. వాళ్ళ కోతలు ఫిబ్రవరి, మార్చి నెలల్లో. ఫోటోలు తీసుకోవడానికి పోయేవాళ్ళకు ఆ మోడు తోటలు చూస్తే ఉసూరుమంటుంది. అందుకే రేట్లు తగ్గుతాయి, జనం ఉండరు. ఒక ద్రాక్ష రైతుకు మాత్రం అంతకన్నా మంచి కాలం లేదు. మన దగ్గర ద్రాక్షకు నిద్ర లేదు. ఏప్రిల్‌లో ఒక కత్తిరింపు, అక్టోబరులో ఇంకొకటి, పందిరి మీద తీగ ఎప్పుడూ పచ్చగానే ఉంటుంది. అక్కడ చలికి చెట్టు నిద్రపోతుంది. ఏడాదికి ఒకే పంట, ఒకే పెద్ద కత్తిరింపు, అది జూలై, ఆగస్టుల్లోనే. తలకు పైన పందిరి ఉండదు. నడుమెత్తున వరసగా లాగిన తీగల మీద కట్టిన చెట్లు, లేదా ఊతం కూడా లేకుండా మోకాలెత్తున పొదలా పెంచిన పాత చెట్లు. ఆకు అడ్డం లేకపోవడంతో మొద్దు ఎలా పెంచారు, ఎన్ని కళ్ళు (చిగురు మొగ్గలు) వదిలారు, కోత ఎక్కడ పెట్టారు అన్నీ కనిపిస్తాయి. కత్తెర పట్టిన కూలీల పక్కన నిలబడి ఆయన గంట సేపు చూస్తారు, మీరు పిలిచినా కదలరు. స్టెల్లెన్‌బోష్ ఊరు 1679లో పుట్టింది. 1925లో అక్కడి ప్రొఫెసర్ అబ్రహాం పెరోల్డ్ రెండు ద్రాక్ష రకాలను కలిపి పినోటాజ్ అనే కొత్త రకం తయారు చేశారు. ఆ రకం ఇవాళ దక్షిణాఫ్రికా గుర్తు. ఆయన రాత్రిళ్ళు చూసే వీడియోల్లో ఇదంతా ఉంటుంది. మీరు 'వైన్' అని వింటున్న మాటలో ఆయనకు సగం పైగా 'తోట' వినిపిస్తోందని నాకనిపిస్తోంది.

అయితే ఒక మాట దగ్గర ఆయనతో నేను ఒప్పుకోను. "రుచి చూడ్డం వేరు, తాగడం వేరు" అన్నది సగమే నిజం. వైన్‌లో మామూలుగా నూటికి పన్నెండు నుంచి పద్నాలుగు పాళ్ళు ఆల్కహాల్ ఉంటుంది. అది మద్యమే. మీకు అలా అనిపించడంలో తప్పేమీ లేదు.

టేస్టింగ్ అంటే అక్కడ ఏం జరుగుతుందో చెప్తాను, ఊహించుకుని భయపడే కన్నా తెలుసుకోవడం మేలు. గాజు గ్లాసులో అడుగున రెండు చెంచాలకు కొంచెం ఎక్కువగా పోస్తారు. రంగు చూస్తారు, గ్లాసు తిప్పి వాసన చూస్తారు, ఒక గుక్క నోట్లో ఉంచుకుని పుక్కిలిస్తారు. బల్ల మీద ఒక చిన్న బకెట్ లాంటిది ఉంటుంది, అందులో ఉమ్మేయొచ్చు, గ్లాసులో మిగిలింది పోసేయొచ్చు. ఎవరూ ఏమీ అనుకోరు, ఆ పనిలో ఉన్నవాళ్ళు చేసేదే అది. ఇలా నాలుగైదు రకాలు. ఉమ్మకుండా అయిదూ మింగితే ఒక గ్లాసు వైన్ తాగినట్టే. ఒకే రోజు నాలుగు తోటలు తిరిగి నాలుగు చోట్లా మింగితే అది తాగుడే, దానికి ఏ పేరు పెట్టినా. కాబట్టి తోట ఒకటా నాలుగా, ఉమ్మడమా మింగడమా అన్నదే అసలు తేడా. తాగనివాళ్ళకు చాలా తోటల్లో ద్రాక్షరసం ఇస్తారు. చలికాలంలో టేస్టింగ్ గదుల్లో నిప్పు రాజేసి ఉంటుంది, అక్కడ కూర్చుని కాఫీ తాగొచ్చు.

ఆయన షుగర్ గురించి గట్టిగా చెప్తున్నాను. కొన్ని షుగర్ మాత్రలు వేసుకునేవాళ్ళకు, ముఖ్యంగా ఖాళీ కడుపున, మద్యం పడితే షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది. చెమటలు, వణుకు, తడబాటు వస్తాయి, చూసేవాళ్ళు తాగి తూలుతున్నాడనుకుంటారు. ఏ మాత్రలు వేసుకుంటున్నారో చీటీతో సహా డాక్టర్‌కు చూపించి, "ఇంత వరకు ఫరవాలేదా" అని ఆయనే అడగాలి, మీరు కాదు. డాక్టర్ వద్దంటే ఆ మాట ఆయన చెవిన ఆయనే వినాలి. అప్పుడు అది మీరు పెట్టిన అడ్డంకి అవదు.

ఇప్పుడు మీ ఉత్తరం చివరి పేజీకి వస్తాను. నేను దాన్ని మూడు సార్లు చదివాను.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మన సీమ దాకా వచ్చినప్పుడు మీ అమ్మగారు ఊళ్ళో ఆడవాళ్ళతో కలిసి చీపురు పట్టుకుని అంగడి ముందు కూర్చున్నారని రాశారు. అప్పటికే మీ నాయన పోయి మూడేళ్ళు. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చిన రోజు మీ అమ్మగారు అన్నం తినలేదని, ఎందుకని అడిగితే "నాలుగేండ్లు ముందు రాకూడదా" అన్నారని రాశారు. అంత బరువు మోసిన పిల్లకు యాభై ఏళ్ళొచ్చినా సీసా చప్పుడు వింటే గుండె ఝల్లుమనడం చాదస్తం కాదు. వైన్ భాగం తీసేయమనడం మీ తప్పా అని అడిగారు. కాదు. కానీ ఎందుకు తీసేయాలో చెప్పకుండా తీసేయమన్నారు. ఆయనకు తెలిసింది, "మీ మామ తాగి చనిపోయాడు" అన్న ఒక్క ముక్క. అంగడి ముందు చీకట్లో నిలబడ్డ పద్నాలుగేళ్ళ పిల్ల ఆయనకు తెలియదు. ముప్పై ఏళ్ళుగా తోట చేసిన మనిషికి మీ 'వద్దు' అన్న మాట, "నీ పంట గురించి నీకున్న ఆశ నాకు అసహ్యం" అన్నట్టు వినిపించి ఉండొచ్చు. ఇద్దరూ ఒకరి గాయం మీద ఒకరు తెలియకుండా చెయ్యి వేశారు.

టికెట్లకు డబ్బు కట్టే ముందు ఆయనకు అది చెప్పండి. ఇంట్లో అత్త, పనివాళ్ళ మధ్య కుదరదు. తోటకు పోండి. సాయంత్రం నీళ్ళు కట్టేసి గట్టు మీద కూర్చున్నప్పుడు, ట్రిప్ ఊసు ఎత్తకుండా, ఆ అంగడి ఎక్కడుండేది, మీరు ఎంత సేపు నిలబడేవారు, నాయన బయటికి వచ్చాక ఏం జరిగేది, అంత వరకే చెప్పండి. "అందుకని నువ్వు పోవద్దు" అని చివర తగిలించొద్దు. తగిలిస్తే అది బేరం అయిపోతుంది. చెప్పాక ఆయన ఏమంటారో నాకు తెలియదు. వెంటనే ఏమీ అనకపోవచ్చు, రెండు రోజులు తీసుకోవచ్చు. పెళ్ళిళ్ళలో ఆయన తాగడం గురించి, "నేను అడగను, ఆయన చెప్పడు" అని రాశారే, దాని గురించి కూడా అప్పుడే మాట కదలొచ్చు. కదిలితే కదలనివ్వండి.

ఆ మాట అయ్యాక మీ ముందు కొన్ని దారులున్నాయి.

వైన్ పూర్తిగా తీసేసి అడవికి మాత్రమే పోవడం ఒకటి. ఖర్చు తగ్గుతుంది, కేప్ టౌన్ విమానం తప్పుతుంది, అడవిలో ఇంకో రెండు రాత్రులు దొరుకుతాయి. మీ మనసు నిశ్చింతగా ఉంటుంది. అయితే అది ఆయన మనస్ఫూర్తిగా ఒప్పుకుంటేనే. ముఖం మాడ్చుకుని పక్కన కూర్చున్న మనిషితో సింహాన్ని చూసినా మీకు చూసినట్టుండదు.

రెండూ ఉంచి, తోటల భాగానికి ముందే హద్దు పెట్టుకోవడం ఇంకొకటి. రోజుకు ఒక్క తోట, రెండే రోజులు, మధ్యాహ్న భోజనం తర్వాతే, రాత్రి గదికి సీసా రాదు. ఈ హద్దులు ఆయన నోటి నుంచి రావాలి. వైనరీలకు ముందే మెయిల్ పెట్టి, "మేము ఇండియాలో ద్రాక్ష రైతులం, కత్తిరింపు చూపిస్తారా" అని మీ పాప చేత రాయించండి. చలికాలంలో వాళ్ళకూ రద్దీ ఉండదు, రైతుతో రైతు మాట్లాడ్డానికి తీరిక దొరికే అవకాశం ఎక్కువ. ఆ రెండు రోజులూ కారు అద్దెకు తీసుకుని ఆయన నడపొద్దు. మన లాగే అక్కడా ఎడమ వైపే నడుపుతారు కాబట్టి నడపగలననే ధీమా వస్తుంది, కానీ తాగి నడిపితే చట్టం గట్టిది. స్టెల్లెన్‌బోష్‌కు దగ్గర్లోని ఫ్రాన్ష్‌హుక్ అనే ఊళ్ళో తోటల మధ్య తిరిగే ట్రామ్ ఉంది, లేదంటే డ్రైవరుతో కారు. ఈ దారిలో మీకు కొంత ఇబ్బంది తప్పదు. ఆయన గ్లాసు ఎత్తిన క్షణం మీ కడుపులో తిప్పుతుంది. అది మీరు తట్టుకోగలరా లేదా అన్నది మీకే తెలియాలి.

తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. నంది హిల్స్ చుట్టుపక్కల, దొడ్డబళ్ళాపురం వైపు వైనరీలున్నాయి. అనంతపురం నుంచి బెంగళూరు హైవే మీద మూడు గంటల చిల్లర. లక్షలు పెట్టే ముందు ఒక ఆదివారం పాపను కూడా తీసుకుని ముగ్గురూ పోయి రండి. ఆయన టేస్టింగ్‌లో కూర్చోనీ, మీరు పక్కనే కూర్చోండి. ఊపిరాడనట్టు అనిపిస్తే లేచి తోటలోకి పొండి. ఇంటికొచ్చాక మీకు ఎలా ఉందో చూసుకోండి. దాన్ని బట్టి కేప్ టౌన్ సంగతి తేల్చుకోవచ్చు.

ఇంకో దారి నాకు బాగా నచ్చింది, ఎందుకంటే అందులో జంతువులూ ఉన్నాయి. కేప్ టౌన్ నుంచి సుమారు 120 కిలోమీటర్ల దూరంలో హెర్మానస్ అనే సముద్రం ఒడ్డు ఊరుంది. చలికాలంలో అక్కడికి తిమింగలాలు పిల్లల్ని కనడానికి వస్తాయి. జూన్ నుంచి రావడం మొదలవుతుంది, ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఎక్కువ. పడవ ఎక్కనక్కర్లేదు. ఒడ్డున రాళ్ళ మీద నిలబడితేనే, నల్లటి వీపు నీళ్ళలోంచి లేచి, తలపై నుంచి పొగలా నీటి ఆవిరి ఎగజిమ్మి, తోక పైకెత్తి మునిగిపోవడం కనిపిస్తుంది. ఆ ఊరికి ఆనుకునే హేమెల్ ఎన్ ఆర్డె అనే లోయ ఉంది, ఆ పేరుకు స్వర్గమూ భూమీ అని అర్థం. అందులో వరసగా ద్రాక్షతోటలు. రెండు రాత్రులు హెర్మానస్‌లో ఉంటే, ఆయన పగలు కొన్ని గంటలు లోయలోకి పోతారు, మీరు ఒడ్డున తిమింగలాల కోసం చూస్తారు, సాయంత్రం కలిసి తింటారు. గ్లాసు మీ కళ్ళ ముందుకు రాదు, ఆయన తోట ఆయనకు దక్కుతుంది. ఇందులో చిక్కు ఒకటే. ఆయన అక్కడ ఏం చేశారో, ఎంత తాగారో అని మీ మనసు లెక్కలు వేస్తూ కూర్చుంటే తిమింగలం కనిపించినా కనిపించనట్టే. ముందు చెప్పిన మాట అయిపోయి ఉంటేనే ఈ దారి పనికొస్తుంది.

ఈ ఏడు విదేశం వద్దనుకుంటే, ఆషాఢం వదిలేయండి. మన అడవులకు అది కాలం కాదు, నల్లమల పులుల అభయారణ్యం జూలై నుంచి సెప్టెంబరు ఆఖరు దాకా మూసేస్తారు. ధనుర్మాసం, పుష్యం చూసుకోండి, అప్పుడూ ముహూర్తాలుండవు, అంగడి ఖాళీ. కర్ణాటకలోని కబిని, నాగరహొళె అడవుల్లో ఏనుగులు కనిపిస్తాయి. ఖర్చు చాలా తగ్గుతుంది. కాకపోతే సంక్రాంతికి జాకెట్ల పని మీద పడుతుంది, అది చూసుకుని తేదీలు పెట్టుకోవాలి.

దక్షిణాఫ్రికానే అయితే తేదీల గురించి రెండు మాటలు. ఆషాఢం మామూలుగా జూన్ ఆఖరు నుంచి జూలై ఆఖరు దాకా ఉంటుంది, అధికమాసం వచ్చిన ఏడు ఆగస్టులోకి జరుగుతుంది. అక్కడ బడులకు చలికాలం సెలవులు జూన్ చివర్లో మొదలై జూలైలో ముగుస్తాయి, ఆ రోజుల్లో క్రూగర్ స్థానికులతో నిండిపోతుంది, రేట్లూ పెరుగుతాయి. సెలవులు అయిపోయాక బయల్దేరండి. అడవి ముందు, కేప్ టౌన్ తర్వాత పెట్టుకోండి. వాన పడి కేప్‌లో ఒక రోజు పోయినా మీ కోరిక అప్పటికే తీరి ఉంటుంది. టేబుల్ మౌంటెన్ మీదికి పోయే కేబుల్ కారును కూడా చలికాలంలో కొన్ని రోజులు మరమ్మతులకు ఆపేస్తారు, ఆ తేదీలు ముందే చూసుకోండి.

వీసాకు కనీసం రెండు నెలలు చేతిలో ఉంచుకోండి. మన దేశం నుంచి నేరుగా విమానం లేదు, ఎక్కడో మారాలి. తక్కువ రేటని ఇథియోపియా, కెన్యా మీదుగా టికెట్ తీస్తే పచ్చజ్వరం (ఎల్లో ఫీవర్) టీకా కార్డు అడిగే అవకాశం ఉంది. ఆ టీకా కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆయన వయసు, షుగర్ చూసి డాక్టర్ ఒప్పుకోవాలి. దుబాయ్, దోహా మీదుగా పోతే ఈ తలనొప్పి లేదు. క్రూగర్‌లో విదేశీయులకు మనిషికి రోజుకు అయిదు వందల ర్యాండ్లు (అక్కడి కరెన్సీ) దాటి ప్రవేశ రుసుము ఉంటుంది, ప్యాకేజీలో అది కలిపారో లేదో రాతపూర్వకంగా అడగండి.

ఆయనకు ఇంకొక్క జాగ్రత్త చెప్పండి. కత్తిరించి పడేసిన ద్రాక్ష కడ్డీలు కాళ్ళ కింద కుప్పలుగా ఉంటాయి. రైతు చెయ్యి ఊరుకోదు, ఒకటి తడిగుడ్డలో చుట్టి బ్యాగులో పెట్టుకోవాలనిపిస్తుంది. పర్మిట్ లేకుండా మొక్కలు, కడ్డీలు దేశంలోకి తేవడం నేరం, పైగా దానితో వచ్చే తెగులు మన తోటలనే తింటుంది. ఫోటోలు తీసుకుని రమ్మనండి.

అత్తగారికి ఉన్నదున్నట్టు చెప్పండి: అడవీ, ద్రాక్షతోటలూ చూసి వస్తామని. అందులో అబద్ధం లేదు, దాచింది లేదు. ఎనభై ఏళ్ళ మనిషిని వదిలిపోవడం గురించే అసలు ఆలోచించాలి. అంత మాట అన్న మీ ఆడబిడ్డనే, "పది రోజులు అమ్మ దగ్గర ఉంటావా" అని అడగండి. ఆమె ఒప్పుకుంటే మాటలు వాటంతట అవే తగ్గుతాయి. కాదంటే మీ పాప ఇంటి నుంచి పని చేసుకుంటూ అనంతపురంలో ఉండగలదేమో చూడండి. పగలు ఒక మనిషి, రాత్రి ఒక మనిషి, మందుల చీటీ గోడకు అంటించి, డాక్టర్ నంబరు పక్కన. ఇది కుదరకపోతే ప్రయాణం వాయిదా వేయడమే నయం, లేకపోతే అడవిలో సగం రోజు ఫోన్ సిగ్నల్ వెతుక్కుంటూ గడుస్తుంది.

అంగడి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు, అయినా ఒకటి. తిరిగొచ్చేసరికి శ్రావణం నెత్తి మీద ఉంటుంది. వరలక్ష్మీ వ్రతానికి ఒప్పుకున్న జాకెట్లు, మగ్గం వర్క్ ఉన్నవి అయినా, పోయే ముందే కటింగ్ చేసి పెట్టి, కుట్టడం మీ వాళ్ళకు అప్పజెప్పండి. ఇంటికి చేరిన మొదటి రెండు రోజులు ఎవరికీ డెలివరీ తేదీ ఇవ్వకండి.